స్లాబ్ పోయకముందే మాట్లాడుకోవాల్సిన అంగుళాలు

విజయవాడ శివార్లలో, కానూరు, పోరంకి వైపు ఇండిపెండెంట్ ఇళ్లు కట్టించడం నా పని. సివిల్ డిప్లొమా చేశాను, మిగతాది మేస్త్రీల దగ్గర నేర్చుకున్నాను. ఇల్లు కట్టుకుందామని నా దగ్గరికి వచ్చేవాళ్ల ఫోన్ల నిండా ఫొటోలు ఉంటాయి. ఎలివేషన్ (ఇంటి ముందు వైపు రూపు), ఫాల్ సీలింగ్, టీవీ వెనక ప్యానెల్, మాడ్యులర్ కిచెన్. గంటసేపు అవే చూపిస్తారు. బాత్రూం తలుపు ఎటు తెరుచుకుంటుంది అని అడిగేవాళ్లు మాత్రం అరుదు.

ఆ అడగని సంగతులే ఇక్కడ రాస్తున్నాను. చాలావాటికి పైసా ఖర్చు లేదు. ఉన్నా గుమ్మం మీదో పైపు మీదో నాలుగు రాళ్లు ఎక్కువ. కాకపోతే ప్రతిదానికీ ఓ టైం ఉంటుంది. అది దాటిపోతే అదే పనికి గోడ పగలగొట్టాలి.

బాత్రూం తలుపుతోనే మొదలుపెడతాను. మన దగ్గర దానికి మామూలుగా రెండున్నర అడుగుల గుమ్మం పెడతారు. అటూ ఇటూ రెండున్నర అంగుళాల చొప్పున చెక్క పోతే మిగిలేది పాతిక అంగుళాలు. తెరిచిన తలుపు మందం ఇంకో అంగుళం తింటుంది. మామూలు చక్రాల కుర్చీ వెడల్పు కూడా ఇంచుమించు అంతే, కాబట్టి అది లోపలికి పోదు. ఈ మాట చెప్తే చాలామంది ముఖం మాడ్చుకుంటారు. కొత్తిల్లు కట్టుకుంటుంటే చక్రాల కుర్చీ మాటలేంటండీ అంటారు. నేను కట్టించిన ఒక ఇంట్లో గృహప్రవేశమైన కొన్నాళ్లకే పెద్దావిడకి తుంటి విరిగింది. మంచం నుంచి బాత్రూం గుమ్మం దాకా కుర్చీలో తెచ్చి, అక్కడి నుంచి ఇద్దరు మనుషులు ఎత్తుకెళ్లేవాళ్లు. మూడడుగుల గుమ్మం పెట్టుకుంటే పెరిగేది ఆరంగుళాలే. కనీసం కింది పోర్షన్‌లో ఒక్క బాత్రూంకైనా పెట్టండి.

అంతకన్నా ముఖ్యమైంది, ఆ తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల కళ్లు తిరిగి పడినవాళ్లు చాలాసార్లు తలుపుకి అడ్డంగానే పడతారు. బాత్రూం అంటే నాలుగడుగులు ఇంటూ ఏడడుగులు, ఇంకెక్కడ పడతారు? తలుపు లోపలికి తెరుచుకునేదైతే బయటి నుంచి ఎంత నెట్టినా రాదు, నెట్టేకొద్దీ మనిషికి దెబ్బ. గొళ్లెం కూడా బయటి నుంచి రూపాయి బిళ్లతో తిప్పితే వచ్చే రకం దొరుకుతుంది, అదే బిగించండి. తలుపు బయటికి వస్తే హాల్లో అడ్డంగా ఉంటుందని కొందరి అభ్యంతరం. ఉంటుంది, ఉండనివ్వండి.

బాత్రూంలో ఇంకోటి కూడా చెప్పి వదిలేస్తాను. నేల వాటం టైల్స్ వేశాక చూసేది కాదు. నహానీ ట్రాప్, అంటే నేల మీది నీళ్లు బయటికి పోయే జాలీ, గుమ్మానికి దూరంగా, మూలకి ఉండాలి. టైల్స్ కింద బెడ్ (కాంక్రీటు పొర) వేసిన రోజునే దాని మీద ఓ బక్కెట్ నీళ్లు కుమ్మరించి ఎటు పోతున్నాయో మీ కళ్లతో చూడండి. మేస్త్రీకి కోపం వస్తే రానివ్వండి.

మెట్ల దగ్గరికి వద్దాం. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం ఇళ్లలో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు దాటకూడదు, అడుగు పెట్టే చోటు 250కి తగ్గకూడదు. మన భాషలో ఏడున్నర అంగుళాలు, పది అంగుళాలు. అవి హద్దులే. మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఆరంగుళాల ఎత్తు, పదకొండు అంగుళాల వెడల్పు హాయిగా ఉంటుంది. పదిన్నర అడుగుల ఎత్తుకి ఏడంగుళాల చొప్పున అయితే 18 మెట్లు, ఆరైతే 21. మధ్యలో ల్యాండింగ్ ఇచ్చి తిప్పే మెట్లలో ఆ మూడు మెట్లూ రెండు వరసల్లోకి సర్దుకుంటాయి, వరసకి అడుగున్నర చోటు ఎక్కువ కావాలంతే.

మెట్లలో అసలు తంటా మొదటి మెట్టు, చివరి మెట్టు దగ్గర వస్తుంది. సెంట్రింగ్ వాళ్లు, అంటే కాంక్రీటు పోయడానికి చెక్కలతో అచ్చు కట్టేవాళ్లు, మెట్లన్నీ సమానంగా కొడతారు, అక్కడిదాకా బాగానే ఉంటుంది. తర్వాత కింద హాల్లో బెడ్, టైల్ కలిపి మూడంగుళాలు లేస్తుంది. మెట్టు మీద గ్రానైట్ పలక, సిమెంటు కలిపి అంగుళన్నరే లేస్తుంది. దాంతో ఆరంగుళాల మొదటి మెట్టు నాలుగున్నరకి దిగిపోతుంది. పైన కూడా ఫ్లోరింగ్ మూడంగుళాలు లేస్తుంది కాబట్టి చివరి మెట్టు ఏడున్నర అయి కూర్చుంటుంది. కాలికి ఒక లెక్క అలవాటయ్యాక ఆఖర్న అది తప్పితే మనిషి తూలతాడు. ఎవరింట్లోనైనా పై మెట్టు దగ్గర రోజూ ఎవరో ఒకరు తట్టుకుంటుంటే టేపు పెట్టి కొలవండి, నూటికి తొంభై చోట్ల ఇదే కారణం. సెంట్రింగ్ కొట్టేముందే ఫ్లోరింగ్ మందం ఎంతో తేల్చుకుని, మొదటి మెట్టు అంగుళన్నర ఎక్కువగా, చివరిది అంగుళన్నర తక్కువగా కొట్టిస్తే సరిపోతుంది. బయటి మెట్లకి అద్దంలా మెరిసే గ్రానైట్ వేయించి, వానాకాలం రాగానే దాని మీద గోనెపట్టాలు పరుచుకునేవాళ్లని చూస్తే నాకు నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది.

ఇప్పుడు ఎండ సంగతి. బెజవాడలో ఉండి దాని గురించి రాయకపోతే ఎలా?

అందరూ నాలుగు వైపులా రెండడుగుల సన్‌షేడ్ ఒకే తీరుగా పెట్టిస్తారు. దక్షిణం వైపు అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మనం పదహారున్నర డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాం. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. అంటే రోహిణి కార్తెలో దక్షిణం కిటికీ మీద మధ్యాహ్నపు ఎండే పడదు. డిసెంబరులో పడుతుంది గానీ అప్పుడు అది హాయి. దక్షిణం అంటే ఎండ అని భయపడి అటువైపు కిటికీలు చిన్నవి చేసుకునేవాళ్లు గాలి పోగొట్టుకుంటున్నారు.

పడమర అలా కాదు. మే నెలలో సాయంత్రం నాలుగింటికి సూర్యుడు ముప్పై నాలుగు డిగ్రీల ఎత్తుకి దిగిపోతాడు. రెండడుగుల సన్‌షేడ్ అప్పుడు పడమటి గోడ మీద ఇచ్చే నీడ అడుగున్నర కూడా ఉండదు. అయిదింటికి తొమ్మిది అంగుళాలు. నాలుగడుగుల కిటికీలో మిగతాదంతా ఎండే. పైగా తొమ్మిదంగుళాల ఇటుక గోడ తాగిన వేడి లోపలి వైపుకి రావడానికి ఆరేడు గంటలు పడుతుంది. మూడు, నాలుగు గంటల మధ్య తాగిన ఎండని సరిగ్గా మనం పక్క వేసుకునే వేళకి కక్కుతుంది. రాత్రి పదింటికి పడమటి గోడ మీద చెయ్యి పెట్టి చూడండి, తెలుస్తుంది.

ఇక్కడే వాస్తు వస్తుంది. యజమాని పడకగది నైరుతిలో ఉండాలి. నైరుతి అంటే పడమటి గోడ, దక్షిణపు గోడ రెండూ ఉన్న మూల. ఇంట్లో సాయంత్రం పూట అతి వేడిగా ఉండే గది ఏరికోరి యజమానిది అవుతుంది. దాన్ని చల్లబరచడానికి టన్నున్నర ఏసీ. నేను వాస్తుతో గొడవ పెట్టుకోను, పెట్టుకుంటే నాకు పని ఉండదు. వాస్తులోనే ఇంకో మాట ఉంది కదా, బరువంతా నైరుతిలో ఉండాలని. సరే అని పడమటి గోడ పొడవునా కింద నుంచి పైదాకా కప్‌బోర్డులు, పైన అటక పెట్టిస్తాను. బట్టలు, పరుపులు, పాత సామాను అన్నీ కలిసి గోడకీ మంచానికీ మధ్య రెండడుగుల అడ్డం. అటాచ్డ్ బాత్రూం ఉంటే దాన్ని ఆ గదికి పడమటి వైపు తోసేస్తాను. బయటి మెట్లు పడమర వైపు వచ్చేలా ఒప్పిస్తే గోడకి మెట్ల నీడ ఊరికే వస్తుంది. సిద్ధాంతిగారు సంతోషంగా ఉంటారు, ఏసీ కూడా తెరిపిన పడుతుంది.

పడమర కిటికీ తప్పదనుకుంటే అడ్డు బయట వైపు ఉండాలి. లోపల ఎంత మందం కర్టెన్ వేసినా అద్దం దాటి వచ్చేసిన వేడి గదిలోనే ఉంటుంది. వెదురు తడికె బయట వేలాడదీయండి. సన్‌షేడ్ పోసేటప్పుడే దాని అడుగున రెండు కొక్కేలు వదిలించుకుంటే తర్వాత డ్రిల్లింగ్ గోల ఉండదు. చోటుంటే ఓ కానుగ చెట్టు. పెరగడానికి కొన్నేళ్లు పడుతుంది కాబట్టి పునాది తీసిన నెలలోనే నాటించేయండి. పడమర ముఖం ఇంటికి నిలువెత్తు అద్దాలతో ఎలివేషన్ కావాలని వచ్చేవాళ్లని ఒప్పించడం నా వల్ల కాదు. అలాంటివాళ్లకి ముందు కరెంటు బిల్లు సంగతి చెప్తాను, ఆ పైన వాళ్లిష్టం.

పైకప్పుకి తెలుపు వేస్తే ఇల్లు చల్లగా ఉంటుందని ఈమధ్య అందరికీ తెలిసింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ కూడా తెచ్చింది, 2028 దాకా అమలు. డాబా మీద తెల్ల సున్నం వేసినా తేడా కనబడుతుంది, ఏటా వేసుకోవాలి. దాని మీద నల్ల వాటర్ ట్యాంకు ఎండలో పెట్టి, మే నెలలో స్నానానికి సలసల కాగే నీళ్లు వస్తున్నాయని తిట్టుకుంటే ఏం లాభం? ట్యాంకుని మెట్ల గది నీడ పడే వైపు పెట్టించండి.

డాబాకి ఎప్పుడూ రెండు నీటి గొట్టాలు ఉండాలి. ఒకటి ఆకులతో పూడితే రెండోది పనిచేస్తుంది. రెండూ పూడినప్పుడు నీళ్లు బయటికి దూకడానికి పిట్టగోడలో, నేలకి రెండంగుళాల పైన, ఒక గొట్టం ముక్క వదిలేయాలి. అందులోంచి నీళ్లు పడుతున్నాయంటే డాబా ఎక్కి ఆకులు తీయమని అర్థం. సన్‌షేడ్ అడుగున అంచుకి అంగుళం లోపలగా, పొడవునా అరంగుళం గాడి ఉండాలి. అది లేకపోతే వాన నీరు కింద వైపుకి పాకి గోడ మీదికి వస్తుంది, రెండో వానాకాలానికి కిటికీ పైన నల్లటి చారలు. ప్లాస్టరింగ్ చేసేటప్పుడు చిన్న చెక్క పట్టీ పెట్టి లాగితే గాడి వచ్చేస్తుంది. దీనికి నా సైట్లలో విడిగా డబ్బు అడిగిన మేస్త్రీ లేడు, చెప్పకుండా చేసిన మేస్త్రీ కూడా లేడు.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద తర్వాత సింగ్ నగర్‌లో చుట్టాల ఇంటికి వెళ్లాను. కింద పోర్షన్ నీళ్లలో నానిపోయింది, అది ఊహించిందే. పై పోర్షన్‌లో చుక్క నీరు రాలేదు గానీ వాళ్లు కూడా చీకట్లోనే ఉన్నారు. వీధిలో కరెంటు ఇచ్చాక కూడా వాళ్లు వేసుకోలేకపోయారు. కారణం, ఇల్లంతటికీ మెయిన్ బోర్డు కింద మెట్ల పక్కన నడుము ఎత్తులో ఉంది. మేడ మీది లైన్ దాంట్లోంచే వెళ్తుంది. కింది వైరింగ్ నీళ్లలో ఉండగా ఆన్ చేసే ధైర్యం ఎవరికుంటుంది?

అప్పటి నుంచి పల్లంలో కట్టే ఇళ్లకి మూడు మార్పులు చేయిస్తున్నాను. కింది అంతస్తుకీ పై అంతస్తుకీ ఎంసీబీ బోర్డులు (కరెంటు దానంతటదే ఆపేసే స్విచ్చులు ఉండేవి) వేరు, పై అంతస్తుది పైనే. కింద ప్లగ్గులకి వైరు నేల కింద నుంచి కాకుండా స్లాబ్ నుంచి దిగాలి, ప్లగ్గు పాయింట్లు నేలకి అడుగు ఎత్తులో కాకుండా స్విచ్‌బోర్డు దగ్గరే, నాలుగు అడుగుల ఎత్తులో. టీవీ వెనక వైర్లు కనబడతాయని ఇంట్లోవాళ్లు గొణుగుతారు. మూడోది, డ్రైనేజీ పైపు బయటికి వెళ్లే చోట ఒక నాన్ రిటర్న్ వాల్వ్, నీళ్లని బయటికే పోనిచ్చి వెనక్కి రానివ్వనిది. వరద నీరు గుమ్మంలోంచి రాకముందే బాత్రూం నహానీలోంచి పైకి తన్నిందని అక్కడ చాలా ఇళ్లవాళ్లు చెప్పారు. సింగ్ నగర్ అంత నీరొస్తే ఏ వాల్వూ ఆపదు. మామూలు వానకి కాలవ పొంగినప్పుడు మాత్రం ఇది ఇంటిని కాపాడుతుంది.

ఇంటి లోపల ఎంత జాగ్రత్తపడినా వీధి మన చేతిలో ఉండదు. ఇరవై ఏళ్ల కింద రోడ్డుకి రెండడుగుల ఎత్తు బేస్‌మట్టంతో (ఇంటి నేల మట్టంతో) కట్టిన ఇళ్లు ఇవాళ రోడ్డుకి సమానంగా, కొన్నయితే కింద ఉన్నాయి. ఇల్లు కుంగలేదు, రోడ్డు పెరిగింది. పాత డాంబరు మీద కొత్త డాంబరు, ఆ రెంటి మీద ఆరంగుళాల సీసీ, అంటే సిమెంటు కాంక్రీటు. పాత పొర గీకి తీసే మిల్లింగ్ మెషీన్లు ఉన్నాయి, పెద్ద రోడ్ల మీద వాడతారు కూడా. సందుల్లో మాత్రం పాతది తవ్వి తీసే బాధ ఎవరూ పడరు. మ్యాన్‌హోల్ మూతలు గుంటలైపోతాయి, బండి చక్రం వాటిలో పడుతుంది. తర్వాత మూత లేపితే అది గుట్ట అవుతుంది.

దీనికి జనం చేసిన విరుగుడు ఇంకో తలనొప్పి. కొత్త ఇంటికి నాలుగడుగుల బేస్‌మట్టం, పోర్టికో కూడా అదే ఎత్తులో. కారు అంత ఎత్తు ఎక్కాలంటే ర్యాంపు రోడ్డు మధ్యదాకా రావాలి. ర్యాంపు కింద కాలవ పూడిపోతుంది. వీధిలో పది ఇళ్లు అలా చేస్తే కాలవ ఉన్నా లేనట్టే, నీళ్లు రోడ్డు మీదే నిలబడతాయి, పాత ఇళ్లలోకి పోతాయి. మూడు సెంట్ల స్థలంలో నేను చేయించేది ఇలా ఉంటుంది. ఇల్లు మూడడుగుల ఎత్తు, పోర్టికో రోడ్డుకి అడుగు ఎత్తు మాత్రమే, అక్కడి నుంచి ఇంట్లోకి నాలుగైదు మెట్లు. గేటుని ప్రహరీ వరసలో కాకుండా నాలుగైదు అడుగులు లోపలికి జరుపుతాను. అడుగు ఎత్తుకి ర్యాంపు మన స్థలంలోనే సరిపోతుంది, రివర్స్‌లో కారు తీసేటప్పుడు వీధిలో వచ్చే బండి కనబడుతుంది. కాలవ మీద పోత పోయకుండా ఎత్తి తీయగలిగే పలకలు. గేటు లోపలికి జరపమంటే స్థలం పోయిందని బాధపడతారు. స్థలం ఎక్కడికీ పోలేదు, గేటు అవతల ఉందంతే.

స్పీడ్ బ్రేకర్లకి కూడా కొలత ఉందని చాలామందికి తెలియదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన గుండ్రటి హంప్ వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు. పాతిక కిలోమీటర్ల వేగంతో పోయే బండి దాని మీద నడుము విరగకుండా దాటాలని ఆ లెక్క. మన వీధుల్లో ఉండేది అడుగు వెడల్పు, అరడుగు ఎత్తు ఉన్న దిమ్మ, దాని మీద చుక్క తెల్లరంగు ఉండదు. నెలలు నిండిన ఆడవాళ్లు ఆటోలో వెళ్తూ దాని దగ్గర దిగి, అవతల మళ్లీ ఎక్కడం నేను చూశాను. ఫుట్‌పాత్ కథ కూడా అంతే. రోడ్డు నుంచి 15 సెంటీమీటర్లకి మించి ఎత్తు ఉండకూడదని ఆ రోడ్స్ కాంగ్రెస్ వాళ్లే రాశారు. మోకాలెత్తు కట్టి, ప్రతి గేటు దగ్గరా దింపి, మళ్లీ ఎక్కిస్తే ఎవరు నడుస్తారు దాని మీద? అందరూ రోడ్డు మీదే నడుస్తారు.

బండ్ల గురించి ఎక్కువ రాయను, అది నా పని కాదు. ఒక్కటి మాత్రం రోజూ చూస్తాను. నగరాల్లో తిరిగే లో ఫ్లోర్ బస్సులో నేల రోడ్డుకి 400 మిల్లీమీటర్లు, అంటే పదహారు అంగుళాలు. ఊళ్లకు తిరిగే బస్సుల్లో లోపలి నేల అంతకు రెట్టింపు పైనే ఉంటుంది, అక్కడిదాకా నిటారుగా మెట్లు. ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకి ప్రయాణం ఉచితం. మెట్టు మాత్రం అదే ఎత్తు. డెబ్బై ఏళ్ల ముసలావిడ చేతిలో సంచితో కడ్డీ పట్టుకుని వేలాడుతూ ఎక్కాలి. కింద ఒక మడత మెట్టు బిగిస్తే చాలు, లేదా స్టాపు దగ్గర అడుగు ఎత్తు అరుగు కట్టినా చాలు. అరుగు కట్టాక డ్రైవరు బస్సుని దాని పక్కనే ఆపాలి, అది వేరే సమస్య.

రోడ్డు సంగతి ఇంత గట్టిగా రాయడానికి కారణం ఉంది. మా వీధికి ఈ ఏడు సీసీ రోడ్డు శాంక్షన్ అయింది. ఎస్టిమేట్‌లో పాత రోడ్డు తవ్వి తీసే ఐటెం ఉందా అని అడిగితే లేదన్నారు. ఇప్పుడున్న రోడ్డు మట్టం ఎంతో ప్రతి ప్రహరీ గోడ మీదా పెయింట్‌తో గీత గీసి ఫొటోలు తీశాం. కొత్త రోడ్డు ఆ గీత దాటకూడదని అర్జీ రాశాను. ఇంటింటికీ తిరిగి సంతకాలు తీసుకుంటున్నాను. ఎదురింటాయన పెట్టలేదు. ఆయన బేస్‌మట్టం నాలుగున్నర అడుగులు.